నానో రంధ్రాలను ప్రింటర్‌తోనే చేయలేమా? ప్రింట్ చేసిన ముక్క ఆమ్లంలో ఎందుకు పొడైపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. లేజర్ పౌడర్ బెడ్ యంత్రంలో, అంటే లోహపు పొడిని పొరలు పొరలుగా పరిచి లేజర్‌తో కరిగించే త్రీడీ ప్రింటర్‌లో, రాగి-మాంగనీసు మిశ్రమంతో చిన్న చిన్న లాటిస్ ముక్కలు (సన్నని కడ్డీలు జాలీలా అల్లుకున్నవి) ప్రింట్ చేశారు. మాంగనీసు కరిగిపోయి నానో రంధ్రాల రాగి మిగులుతుందని పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేశారు. కొన్ని ముక్కలు చేతిలోకి తీసుకోగానే పొడైపోయాయి. కొన్నింటిలో పైన మాత్రమే రంధ్రాలు పడి, లోపల అలాగే ఉండిపోయింది. దాంతో మీకు రెండు సందేహాలు వచ్చాయి. ప్రింటింగ్ వాళ్లు రంధ్రమంటేనే దోషమంటారు, మీ గైడ్ రంధ్రాలే కావాలంటారు, ఎవరి మాట వినాలి? అసలు ఈ ఆమ్లం గొడవ లేకుండా నానో రంధ్రాలను ప్రింటర్‌తోనే చేసేయలేమా?

రెండోదానికి ముందు జవాబు చెబుతాను: చేయలేరు. ప్రింటర్‌కు ఆకారం అప్పగించండి, నానో రంధ్రాలను ఆమ్లానికి వదిలేయండి. ఇక మీ ముక్కల సంగతి. పొడైపోవడానికి ఆమ్లం ఘాటు కన్నా ప్రింటింగ్‌లో లోహంలో మిగిలిపోయిన బిగువే ఎక్కువ కారణమని నా అనుమానం. లోపల కరగకపోవడానికి కారణం లేజర్ కింద మాంగనీసు కొంత ఆవిరై పోవడం కావచ్చు. ప్రింటింగ్, ఆమ్లంతో రంధ్రాలు చేయడం, ఈ రెండు పనులూ చాలా ఏళ్లుగా చేస్తున్నాను, మీరు చేసిన తప్పులన్నీ మీకన్నా ముందే చేశాను. అందుకే జవాబు కొంచెం పొడుగవుతుంది.

చేయలేరు అన్నది అభిప్రాయం కాదు, లెక్క. లేజర్ చుక్క వెడల్పు మామూలుగా 70 నుంచి 100 మైక్రాన్లు. పౌడర్ రేణువులు 15 నుంచి 45 మైక్రాన్లు. పొర మందం 20 నుంచి 60. మీకు కావలసిన లోహపు తీగలు, మనం లిగమెంట్లు అంటామే, అవి పదుల నానోమీటర్లలో ఉంటాయి. 80 మైక్రాన్లంటే 80,000 నానోమీటర్లు. 20 నానోమీటర్ల తీగను దానికి నాలుగు వేల రెట్లు లావు కలంతో గీయాలి. గునపంతో అక్షరాలు దిద్దడం లాంటిది. పోనీ కలం సన్నబడిందే అనుకోండి, కరిగిన లోహం తలతన్యత అంత చిన్న సందును తెరిచి ఉండనివ్వదు, క్షణంలో మూసేస్తుంది. లేజర్‌ను అతి చిన్న బిందువు దగ్గర కేంద్రీకరించి గీసే రెండు ఫోటాన్ల లిథోగ్రఫీతో కొన్ని వందల నానోమీటర్ల లోహపు కడ్డీలు చేసిన ప్రయోగశాలలు ఉన్నాయి, కాదనను. కానీ వాళ్లు చేసే ముక్క చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. చేతిలో పట్టుకునే ముక్కకు ఆ దారి పనికిరాదు.

ఇక "రంధ్రం దోషమా, కాదా" అన్న గొడవ. ప్రింటింగ్‌లో వచ్చే రంధ్రాలు ప్రధానంగా మూడు రకాలు. శక్తి చాలక రెండు పొరలు అతుక్కోకపోతే వచ్చేవి వంకరటింకరగా, మొనలు తేలి ఉంటాయి. శక్తి ఎక్కువై లోహం ఆవిరైతే కరిగిన మడుగులో లోతైన గుంట పడుతుంది, దాన్నే కీహోల్ అంటారు. ఆ గుంట ఊగి అడుగున కూలినప్పుడు గుండ్రటి బుడగ మిగిలిపోతుంది. అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ ల్యాబ్‌లో, చాలా తీవ్రమైన ఎక్స్‌రేలు ఇచ్చే సింక్రోట్రాన్ యంత్రం దగ్గర అతివేగపు ఎక్స్‌రేలతో ఈ కూలడాన్ని ప్రత్యక్షంగా చూశారు. ఆ పని 2019లో, 2020లో వెలువడింది. మూడోది పౌడర్ తయారీలోనే రేణువు లోపల చిక్కుకున్న వాయువు. ఈ మూడూ మనం అడగకుండా వచ్చినవే. ఎక్కడ వస్తాయో తెలియదు, ఎంత ఉంటాయో తెలియదు. మీ గైడ్ అడుగుతున్న రంధ్రాలు వీటికన్నా వెయ్యి రెట్లు చిన్నవి, ముక్క అంతటా ఒకే తీరుగా, ఒకదానితో ఒకటి కలిసి ఉండేవి. కాబట్టి ఇద్దరి మాటా వినాలి. నానో రంధ్రాలు బాగా రావాలంటే ముందు ప్రింట్‌లో ఆ పెద్ద రంధ్రాలు ఉండకూడదు. మీకు తెలియకుండా పడిన ఒక అతుకు లోపం గుండా ఆమ్లం సరాసరి లోపలికి దిగితే, గోడను రెండు వైపుల నుంచి ఎడాపెడా తింటుంది. అప్పుడు ముక్క పొరలు పొరలుగా ఊడుతుంది. మీ పొడిలో బల్లపరుపు పెచ్చులు కనిపిస్తే మొదట ఇదే చూడండి.

మామూలు ప్రింటింగ్‌లో ఈ రంధ్రాలకు విరుగుడుగా హిప్ చేస్తారు. అంటే వేడి, ఆర్గాన్ ఒత్తిడి కలిపి లోహాన్ని నొక్కడం. సిక్స్-ఫోర్ అనే టైటానియం మిశ్రమానికి సుమారు 920 డిగ్రీలు, 100 మెగాపాస్కల్స్, రెండు గంటలు అన్నది వాడుకలో ఉన్న పద్ధతి. ఒకసారి అలా చేసిన కడ్డీలను ఫెటీగ్ పరీక్షకు, అంటే మళ్లీ మళ్లీ బలం వేసి వదిలే పరీక్షకు, పంపాం. సాంద్రత చూస్తే నూటికి నూరు. అయినా రెండు కడ్డీలు అనుకున్న దానికన్నా చాలా ముందే విరిగాయి. విరిగిన ముఖం చూస్తే పగులు ఉపరితలానికి తెరుచుకున్న ఒక చిన్న సందులోంచి మొదలైంది. హిప్ లోపల మూసుకుని ఉన్న రంధ్రాన్నే నొక్కగలదు. బయటికి దారి ఉంటే ఆ దారిన ఆర్గాన్ లోపలికీ వెళ్లి కూర్చుంటుంది, ఇక నొక్కేదేముంది? నానో రంధ్రాల పనిలోకి వచ్చాక ఆ పాఠం తిరగబడి పనికొచ్చింది: బయటికి దారి ఉన్న రంధ్రం, దారి లేని రంధ్రం అనే తేడాయే ఆమ్లానికి కూడా అన్నిటికన్నా ముఖ్యం.

ఇప్పుడు ఆమ్లం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. చాలామంది దీన్ని చెదలు దూలాన్ని తిన్నట్టు ఊహించుకుంటారు, తినగా మిగిలిందే రంధ్రాల లోహం అని. అది సగమే నిజం. బంగారం-వెండి మిశ్రమం తీసుకోండి, ఎక్కువగా అర్థమైనది అదే. నత్రికామ్లంలో పైవరుస వెండి పరమాణువులు కరిగిపోతాయి. మిగిలిన బంగారు పరమాణువులు ఉన్నచోట నిలబడితే పైన ఒక బంగారు పొర కప్పుకుని, కథ అక్కడితో ఆగిపోవాలి. కానీ అవి ఉపరితలం మీద కదిలి, గుంపులు గుంపులుగా చేరిపోతాయి. గుంపుల మధ్య ఖాళీ అయిన చోట కింది వరుస వెండి ఆమ్లానికి దొరుకుతుంది. అది కరుగుతుంది, మళ్లీ బంగారం కదులుతుంది. ఇలా దిగుతూ పోతే మిగిలేది తీగలు తీగలుగా అల్లుకున్న బంగారపు వల. జోనా ఎర్లెబాకర్, కార్ల్ సీరద్జ్‌కీ, మరి ముగ్గురు కలిసి 2001లో నేచర్ పత్రికలో ఈ వివరణ ఇచ్చారు. దానర్థం, ఇక్కడ రెండు వేగాల మధ్య పోటీ ఉంది. కరిగే లోహం ఎంత త్వరగా కరుగుతోంది, మిగిలే లోహం ఉపరితలం మీద ఎంత త్వరగా కదులుతోంది. రంధ్రం పరిమాణం, తీగ మందం, పగుళ్లు అన్నీ ఈ పోటీలో తేలేవే.

మీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం విషయం ఇక్కడే వస్తుంది. క్లోరైడ్ ఉంటే రాగి పరమాణువుల కదలిక బాగా పెరుగుతుంది. తీగలు లావెక్కుతాయి. పైగా ద్రావణంలో ఆక్సిజన్ కరిగి ఉంటే రాగి కూడా కాస్త కాస్త కరిగి మళ్లీ వేరే చోట పేరుకుంటుంది. ముక్కను రాత్రంతా వదిలేసి పొద్దున్నే తీస్తే నానో అనుకున్నది మైక్రాన్లలోకి చేరి ఉంటుంది. 70 పాళ్లు మాంగనీసు, 30 పాళ్లు రాగి మిశ్రమంతో ముక్కలుగానే నానో రంధ్రాల రాగి చేసిన పరిశోధన 2006లో వచ్చింది. అందులో తీగ మందం పద్ధతినీ ద్రావణాన్నీ బట్టి 16 నుంచి 125 నానోమీటర్ల దాకా మారింది. లోహం అదే, ఆమ్లం మార్చితే దాదాపు ఎనిమిది రెట్ల తేడా! అందుకే ఎవరైనా "మాది 30 నానోమీటర్లు" అంటే, ఏ ద్రావణంలో, ఎంతసేపు అని అడక్కుండా నమ్మను.

కూర్పు: బరువు శాతమా, పరమాణు శాతమా? ఈ తికమకతో నెలలు పోగొట్టుకున్న విద్యార్థులను చూశాను. కరిగే లోహం ఒక హద్దు కన్నా ఎక్కువ ఉంటేనే రంధ్రాలు ముక్క లోపలి దాకా దిగుతాయి. బంగారం-వెండిలో ఆ హద్దు దాదాపు 55 శాతం వెండి, అదీ పరమాణువుల లెక్కన. 12 క్యారెట్ల రేకులో బరువు ప్రకారం రెండూ సగం సగం. చూస్తే హద్దుకు తక్కువ అనిపిస్తుంది. పరమాణువుల్లోకి మారిస్తే వెండి 65 శాతం, హాయిగా పనిచేస్తుంది. రేనీ నికెల్ కూడా అంతే. 1920లలో మరే రేనీ నికెల్-అల్యూమినియం మిశ్రమాన్ని కాస్టిక్ సోడాలో వేసి అల్యూమినియాన్ని తీసేసి ఆ ఉత్ప్రేరకం చేశాడు. ఇప్పటికీ సాధారణంగా వాడే మిశ్రమం బరువులో సగం సగం ఉంటుంది, పరమాణువుల్లో మాత్రం అల్యూమినియం 68 శాతం పైనే. మీది రాగి-మాంగనీసు కాబట్టి ఈ విషయంలో అదృష్టవంతులు, రెండిటి పరమాణు భారాలూ దగ్గర దగ్గర. మీకొచ్చిన చిక్కు వేరేది.

మీరు పౌడర్ కొన్నప్పటి కూర్పు వేరు, ప్రింట్ అయ్యాక కూర్పు వేరు. మాంగనీసు మరిగేది సుమారు 2060 డిగ్రీల దగ్గర, రాగి మరిగేది 2560 దగ్గర. లేజర్ కింద మడుగు మధ్యభాగం మరిగే స్థాయికి దగ్గరగా పోతుంది. అంటే ప్రతి గీతలోనూ మాంగనీసు కొంత ఆవిరై పోతూనే ఉంటుంది. మేం మొదటిసారి ఈ మిశ్రమాన్ని ప్రింట్ చేసినప్పుడు పని సగంలో ఉండగానే లేజర్ కిటికీ అద్దం మీద నల్లటి మసి పట్టింది. యంత్రం చూసే కుర్రాడు టెన్షన్ పడి ఆపేశాడు. అద్దం తుడిచి మళ్లీ మొదలుపెట్టాం. అప్పుడు అది శుభ్రత సమస్యే అనుకున్నాం. తర్వాత ముక్క కోసి, పాలిష్ చేసి, ఎక్స్‌రేలతో మూలకాల పాళ్లు కొలిచే ఈడీఎస్‌తో కూర్పు చూస్తే తెలిసింది, ఆ మసి మా మాంగనీసే. గీత మధ్యలో తక్కువ, గీతల అంచుల్లో ఎక్కువ. ముక్కలో చారలు చారలుగా హద్దుకు కిందికి జారిన ప్రాంతాలు. అలాంటి చారను ఆమ్లం దాటలేదు. అక్కడిదాకా వచ్చి, రాగి పొర కప్పుకుని ఆగిపోతుంది. మీ ముక్కల్లో లోపల మిగిలిపోయిన భాగం అంచు తిన్నగా, లేజర్ గీతల వెంట ఉంటే కారణం ఇదే అని దాదాపు తేల్చేయొచ్చు. అంచు గుండ్రంగా, ముక్క ఆకారాన్నే అనుసరించి ఉంటే మాత్రం కూర్పు బాగానే ఉంది, సమయమే చాలలేదన్న మాట.

దీనికి మందు పౌడర్‌లోనే మాంగనీసును కొంత ఎక్కువ పెట్టి తీసుకోవడం, లేజర్ శక్తిని సరిచూసుకోవడం. ఈ రెండోదాంట్లో ఒక చిన్న మోసం ఉంది. అందరూ ఘన మిల్లీమీటరుకు ఎన్ని జౌళ్లు అనే లెక్క వేస్తారు: శక్తిని, వేగం, గీతల మధ్య దూరం, పొర మందం ఈ మూడింటి గుణకారంతో భాగించడం. 280 వాట్లు, సెకనుకు 1200 మిల్లీమీటర్లు, 0.14 మిల్లీమీటర్ల దూరం, 0.03 మందం అయితే 55.6 జౌళ్లు. వాట్లనీ వేగాన్నీ సగం సగం చేయండి, 140, 600. అప్పుడూ 55.6 జౌళ్లే. కాగితం మీద రెండూ ఒకటి, మడుగులో కాదు. కీహోల్ పడే గుణం శక్తికి అనులోమంగానూ, వేగం వర్గమూలానికి విలోమంగానూ ఉంటుంది. ఆ లెక్కన మొదటిది రెండోదానికన్నా 40 శాతం వేడెక్కువ. ఆవిరి పోవడం ఉష్ణోగ్రతతో చాలా ఏటవాలుగా పెరుగుతుంది కాబట్టి మాకు తక్కువ వాట్లు, తక్కువ వేగం బాగా కలిసొచ్చింది. మరీ తగ్గిస్తే అతుకు లోపాలు మొదలవుతాయి. ఆ మధ్య ఇరుకు సందును మీ యంత్రం మీద మీరే వెతుక్కోవాలి, ఎవరి పేపర్‌లోని అంకెలూ నేరుగా పనిచేయవు.

ప్రింటింగ్ చేసిన మేలు కూడా ఒకటి చెప్పాలి. మడుగు సెకనుకు లక్ష నుంచి కోటి డిగ్రీల వేగంతో చల్లారుతుంది. నెమ్మదిగా చల్లారితే మాంగనీసు ఎక్కువున్న ఈ మిశ్రమం రెండు ఫేజ్‌లుగా, అంటే వేర్వేరు నిర్మాణమున్న భాగాలుగా, విడిపోతుంది, ఆమ్లం ఒకదాన్ని తిని ఇంకోదాన్ని వదిలేస్తుంది. ప్రింటింగ్‌లో విడిపోయే తీరిక ఉండదు. అయితే చెట్టు కొమ్మల్లా పెరిగే స్ఫటికాల (డెండ్రైట్ల) మధ్య సన్నని సందుల్లో రాగి కాస్త ఎక్కువగా చేరుతుంది, మైక్రాన్ స్థాయిలో. దాన్ని సరిచేయడానికి ఆర్గాన్ నింపి సీలు చేసిన క్వార్ట్జ్ గొట్టంలో 800-850 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నీళ్లలో వేసి చల్లార్చండి. వాక్యూమ్ కొలిమిలో మాత్రం పెట్టొద్దు. మిగిలిన మాంగనీసు కూడా కొలిమి గోడలకు అంటుకుంటుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, పొడైపోవడం.

లేజర్ ఒక గీత కరిగిస్తుంది, అది చల్లారి కుంచించుకోవాలని చూస్తుంది, కింద ఉన్న గట్టి లోహం కదలనివ్వదు. వేల గీతల తర్వాత ముక్క మొత్తం లోపల్లోపల లాక్కుంటూ ఉంటుంది. దీన్నే రెసిడ్యువల్ స్ట్రెస్ అంటారు. సాధారణంగా ఉపరితలం దగ్గర ఇది సాగదీసే రకం. బయటికి ఏమీ కనిపించదు. అలాంటి ముక్కను ఆమ్లంలో వేస్తే పైపొరలో నానో రంధ్రాలు పడతాయి. ఆ పొర సాగదు, పెళుసు. దాంట్లో ఒక చిన్న పగులు పుట్టి వేగం అందుకుంటే, కింద ఉన్న రంధ్రాల్లేని గట్టి లోహంలోకి కూడా కొంత దూరం దూసుకుపోతుంది. ఆ పగులులోకి ఆమ్లం వెళ్తుంది, అక్కడ మళ్లీ రంధ్రాల పొర, మళ్లీ పగులు. తుప్పు శాస్త్రంలో స్ట్రెస్ కొరోజన్ క్రాకింగ్‌కు చెప్పే వివరణల్లో ఇదొకటి. 1980లలో సీరద్జ్‌కీ, న్యూమన్ ప్రతిపాదించారు. చూశారా, నానో రంధ్రాల వాళ్లూ తుప్పు వాళ్లూ పనిచేసేది ఒకే విషయం మీద. ఒకరు దాన్ని పదార్థం అంటారు, మరొకరు ప్రమాదం అంటారు.

దీనికి పాత ఉదాహరణ ఇత్తడి తూటా గొట్టాలు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో సైన్యం నిల్వ చేసిన తూటాలు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. అందుకే ఆ పగుళ్లకు "సీజన్ క్రాకింగ్" అని పేరు వచ్చింది. తయారీలో సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిన బిగువు, గుర్రపు సాలల దగ్గరి అమ్మోనియా, తేమ కలిసి చేసిన పని అది. 1921 నాటికి కారణం తేలింది. మందు కూడా చాలా సాదాగా ఉంది: గొట్టాలను తక్కువ వేడిలో కాసేపు ఉంచి బిగువు తీసేయడమే.

మాకు జరిగింది చెబుతాను. ఒకే ప్లేటు మీద పది లాటిస్‌లు ప్రింట్ చేశాం. ఐదింటిని నేరుగా కోసి ఆమ్లంలో వేశాం. మిగతా ఐదింటిని ప్లేటు మీద ఉండగానే వేడి చేసి, బిగువు తీసి, ఆ తర్వాత కోశాం. ఆమ్లం ఒకటే, సమయం ఒకటే. మొదటి ఐదింటిలో నాలుగు మూలల్లోంచి చీలాయి, ఒకటి మాత్రం నిలబడింది. రెండో ఐదూ నిలబడ్డాయి, ఒకదాని మీద వెంట్రుకవాసి పగులు తప్ప. ఐదేసి ముక్కలతో సిద్ధాంతాలు చేయకూడదని తెలుసు. కానీ ఆ రోజు తర్వాత మా ల్యాబ్‌లో వేడి చేయని ముక్క ఆమ్లం మొహం చూడలేదు. ప్లేటు నుంచి కోయకముందే వేడి చేయాలి, ఇది మరిచిపోవద్దు. కోశాక చేస్తే అప్పటికే ముక్క వంగి ఉంటుంది.

బిగువు తీసినా పగుళ్లు రావడానికి ఇంకో దారి ఉంది, కుంచించుకోవడం. కరిగే లోహం వెళ్లిపోతే ఆకారం అలాగే ఉంటుందని అనుకుంటాం. బంగారం-వెండిలోనే కొన్ని పరిస్థితుల్లో ఘనపరిమాణం 30 శాతం దాకా తగ్గినట్టు కొలిచారు. రంధ్రాలు పడిన పైపొర కుంచించుకుంటుంటే, ఇంకా తాకని లోపలి భాగం అడ్డుపడుతుంది. కాబట్టి నెమ్మదిగా చేయండి. ఆమ్లాన్ని 0.1 మోలార్ కన్నా పలచగా మొదలుపెట్టి, నైట్రోజన్ పంపి ఆక్సిజన్ తీసేయండి. మాంగనీసు ఆమ్లంలో హైడ్రోజన్ బుడగలు వదులుతుంది, వేగంగా చేస్తే ఆ బుడగలే సన్నని గోడలను నెట్టేస్తాయి. వోల్టేజీని కావలసిన చోట పట్టి ఉంచే పొటెన్షియోస్టాట్ అందుబాటులో ఉంటే ఇంకా మేలు, వేగం మీ చేతిలో ఉంటుంది. అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం కూడా ప్రయత్నించండి, క్లోరైడ్ బెడద ఉండదు.

అంతా బాగా జరిగి ఆరబెట్టేటప్పుడు ముక్క పోయిందని ఏడ్చినవాళ్లూ ఉన్నారు. 20 నానోమీటర్ల వ్యాసార్ధమున్న రంధ్రంలో నీరు ఆరుతుంటే తలతన్యత వల్ల లోపలికి లాగే ఒత్తిడి 7 మెగాపాస్కల్స్ దాటుతుంది, అంటే 70 వాతావరణాల ఒత్తిడి. నీటిని ఇథనాల్‌తో నాలుగైదుసార్లు మార్చి ఆరబెడితే అది మూడో వంతుకు తగ్గుతుంది. నానో రాగి గాలిలో ఆక్సీకరణం చెందుతుంది, పూర్తిగా ఆరిన ముక్కను గాలిలో పెడితే వేడెక్కడం కూడా చూశాను. ఇథనాల్‌లోనో ఆర్గాన్‌లోనో దాచండి.

ఇంత కష్టం ఎందుకు, రేకు తీసుకుని ఆమ్లంలో వేస్తే పోలేదా అని మీకే అనిపించి ఉంటుంది. ఉపరితలం కోసమే అయితే రేకు చాలు. 30 నానోమీటర్ల తీగలున్న బంగారానికి గ్రాముకు 7 చదరపు మీటర్ల దాకా ఉపరితలం వస్తుంది, దానికి ప్రింటర్ అక్కర్లేదు. సమస్య ఆ ఉపరితలాన్ని చేరుకోవడం. ద్రవంలో అణువు తనంతట తాను విస్తరించే (విసరణ చెందే) వేగం సెకనుకు ఒక చదరపు మీటరులో వంద కోట్లో వంతు, అంతకు అటూ ఇటూ. ఆ లెక్కన మిల్లీమీటరు మందమున్న ముక్క లోతుకు చేరడానికి వెయ్యి సెకన్లు పడుతుంది, పదో వంతు మందానికి పది సెకన్లు చాలు. నానో రంధ్రాల మెలికల్లో ఇంకా ఆలస్యం. అందుకే పెద్ద ముక్క చేస్తే లోపలి ఉపరితలం ఉన్నా లేనట్టే. ప్రింటర్ పెద్ద దారులు వేసి, కడ్డీలను సన్నగా ఉంచితే ద్రవం దారుల్లో ప్రవహించి, చివరి కొద్ది మైక్రాన్లు మాత్రమే నానో సందుల్లో నడుస్తుంది. ఊరికి రహదారి, ఇంటికి సందు. 2018లో లారెన్స్ లివర్‌మోర్ నేషనల్ ల్యాబ్ వాళ్లు బంగారం, వెండి రేణువుల సిరాతో లాటిస్ గీసి, వేడి చేసి మిశ్రమంగా మార్చి, వెండిని ఆమ్లంతో తీసి ఇలాంటిదే చూపించారు. గమనించండి, వాళ్లు వాడింది లేజర్ కాదు. సిరాను సూదిలోంచి వదలడమే. ఆవిరి గొడవ లేదు, బిగువు గొడవ చాలా తక్కువ. మీ దగ్గర ఆ సౌకర్యం ఉంటే నిజానికి అదే తేలిక దారి. లేజర్ యంత్రం కొన్నాం కాబట్టి దాంతోనే చేయాలి అనేది పరిశోధన కారణం కాదు, ఆడిట్ కారణం.

బలం మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. ఘనపరిమాణంలో లోహం 30 శాతమే ఉన్న ఇలాంటి వలకు గట్టిదనం ఆ 0.3కు వర్గం చొప్పున, అంటే 9 శాతానికి పడిపోతుంది, అదీ ఆదర్శ పరిస్థితుల్లో. ఒక్కొక్క తీగ ఎంత బలంగా, ఎంత సాగేలా ఉన్నా ముక్కను లాగితే పెళుసుగానే విరుగుతుంది. నొక్కుడు తట్టుకుంటుంది, లాగుడు కాదు. మీ లాటిస్‌ను ఏదైనా బిగించే చోట వాడాలనుకుంటే చుట్టూ ఆమ్లం తగలని చట్రం వదిలేలా డిజైన్ చేయండి.

భద్రత గురించి రెండు మాటలు. మాంగనీసు పొగ నరాలను దెబ్బతీస్తుంది. ఫిల్టర్‌లో చేరిన మసి గాలి తగిలితే అంటుకోవచ్చు కూడా. ఫిల్టర్ మార్చేటప్పుడు శ్వాసకు మాస్కు, చేతికి గ్లోవ్స్ తప్పనిసరి. లోహపు పౌడర్ మంటకు నీళ్లు కొట్టకండి, డీ తరగతి ఆర్పే సాధనమే వాడాలి.

కాబట్టి ఇప్పుడు లాటిస్‌లు పక్కన పెట్టండి. అదే సెట్టింగులతో ఐదు మిల్లీమీటర్ల ఘనం ఒకటి, వాట్లూ వేగమూ తగ్గించి ఇంకొకటి ప్రింట్ చేయండి. నిలువుగా కోసి, పాలిష్ చేసి, రంధ్రాలు ఏ ఆకారంలో ఉన్నాయో చూడండి. పై నుంచి కింది దాకా, గీతకు అడ్డంగానూ మాంగనీసు రీడింగులు తీయండి. ఆ తర్వాత మిగిలిన సగాలను బిగువు తీసి, తీయకుండా, రెండు విధాలా ఆమ్లంలో వేయండి. ఆ పాలిష్ ఫొటోలూ రీడింగులూ ఇక్కడ పెడితే చూసి చెబుతాను. అన్నట్టు, పొడైపోయిన ముక్కల్ని పారేయకండి. ఆ పొడిలో ఒక పెద్ద పెచ్చు తీసుకుని విరిగిన ముఖాన్ని సెమ్ (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) కింద చూడండి. అంచులో నానో రంధ్రాలు, లోపల నున్నగా చీలిన లోహం కనిపిస్తే నా అనుమానం నిజమైనట్టే. ముఖమంతా నానో రంధ్రాలే ఉంటే నేను పొరబడ్డాను, మీ దోషి కుంచించుకోవడమో, ఆరబెట్టడమో.